దక్షిణ తెలంగాణ పరిశ్రమల్లో మేనేజర్లకు మానసిక కోచింగ్: మొదటి ఫోను నుంచి చివరి భేటీ దాకా

మహబూబ్‌నగర్‌లో ఒక గదికి ‘కోచింగ్’ అని బోర్డు పెడితే, మరునాటికల్లా డీఎస్సీ బ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందని అడిగేవారు వస్తారు. ‘కౌన్సెలింగ్’ అని పెడితే ఇంజనీరింగ్ సీట్ల గురించి అడిగేవారు కొందరు, భార్యాభర్తల పంచాయితీ పట్టుకొచ్చేవారు కొందరు. ‘సైకాలజీ’ అన్న మాట చేర్చామంటే మెట్లెక్కేవారే ఉండరు, ఎందుకంటే అవతలి వీధి నుంచి ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనన్న బెరుకు ఇంకా పోలేదు. ఈ ప్రాంతంలో కంపెనీ అధికారులతో మానసిక కోచింగ్ (పనిలోని ఒత్తిడిని, ప్రవర్తనను వారే గమనించి మార్చుకునేలా సంభాషణల ద్వారా తోడ్పడటం) చేయదలచినవారు ముందుగా దాటవలసిన గడప ఈ పేర్ల చిక్కే.

ఈ మార్గదర్శి ఆ పనికి దిగబోయేవారి కోసం రాస్తున్నాను. వారు సైకాలజీ చదివినవారు కావచ్చు, మానవ వనరుల విభాగంలో పనిచేసి వచ్చినవారు కావచ్చు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఔషధ పరిశ్రమలు, చౌటుప్పల్ పరిసరాల్లోని రసాయన కర్మాగారాలు, మిర్యాలగూడ బియ్యం మిల్లులు, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, వీటిలో మధ్యస్థాయి నుంచి పైస్థాయి దాకా ఉన్న అధికారులు ఎదుర్కొనే ఒత్తిడి, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లోని ఒత్తిడికి కొంత భిన్నంగా ఉంటుంది. ఇక్కడ మేనేజరు రాత్రి షిఫ్టుకు జవాబుదారు, యజమాని కుటుంబానికి జవాబుదారు, ఊళ్లో ఎదురుపడిన ప్రతి కార్మికుడి బంధువుకూ ఏదో ఒక రూపంలో జవాబుదారే.

మొదటి మెట్టు: పంపింది ఎవరు, ఎవరికి ఏం తెలుస్తుంది

మొదటి ఫోను సాధారణంగా మేనేజరు నుంచి రాదు. యజమాని నుంచో, హెచ్ఆర్ అధిపతి నుంచో వస్తుంది. “మావాడు పనిమంతుడే గాని కోపం ఎక్కువ, కాస్త దారిలో పెట్టండి” అన్నది దాని సారాంశం. ఇక్కడే ఆగి, ముగ్గురూ కూర్చునే ఒక సమావేశం అడగాలి: పంపినవారు, వచ్చేవారు, మీరు. ఆ సమావేశంలో మూడు విషయాలు కాగితం మీదికి రావాలి. మొదటిది, కోచింగ్ ఎందుకన్నది పంపినవారు వచ్చేవారి ఎదుటే చెప్పాలి. చాటున చెప్పిన కారణాన్ని మనసులో పెట్టుకుని కోచ్ పని మొదలుపెడితే, రెండో వారానికే అది ఎలాగోలా బయటపడి నమ్మకం కాస్తా పోతుంది. రెండోది, ఎన్ని భేటీలు, ఎన్నాళ్లకు ఒకటి. నా అంచనాలో రెండు వారాలకొకటి చొప్పున ఆరు నుంచి ఎనిమిది భేటీలు సరిపోతాయి, వారానికొకటి పెడితే నేర్చుకున్నది ప్రయత్నించి చూసే వ్యవధి ఉండదు. మూడోది, యాజమాన్యానికి అందే సమాచారం ఏమిటన్నది. భేటీలు జరిగాయా లేదా, ముందే అందరూ ఒప్పుకున్న లక్ష్యం ఎంతవరకు వచ్చింది, ఈ రెండే అందాలి. గదిలో అన్న మాటలు అందకూడదు. ప్రాణాపాయం ఉన్న సందర్భం మాత్రమే దీనికి మినహాయింపని కూడా అందులోనే రాయాలి.

ఈ కాగితం పెద్ద నగరంలో ఒక లాంఛనం కావచ్చు గాని, మన జిల్లా పట్టణాల్లో దీని మీదే పని అంతా నిలబడుతుంది. మేనేజరు పిల్లలు, యజమాని మనవలు ఒకే బడిలో చదివే చోట, ఒకే ఫంక్షన్ హాల్లో పెళ్లి భోజనాలకు కూర్చునే చోట, రహస్యం అనేది మాటతో కుదిరేది కాదు. అందుకే స్థలం విషయంలోనూ జాగ్రత్త పడాలి. ప్లాంటు లోపల మేనేజరు కేబిన్‌లో కూర్చుంటే తలుపు అద్దంలోంచి అందరూ చూస్తారు, మిర్యాలగూడ మెయిన్ రోడ్డు హోటల్లో కూర్చుంటే పక్క టేబుల్ వాడు తెలిసినవాడై ఉంటాడు. మిర్యాలగూడ వారిని నల్లగొండలోనూ, జడ్చర్ల వారిని షాద్‌నగర్‌లోనూ కలవడం మేలు.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. కొందరు యజమానులు ఉద్యోగిని తీసేయాలని ముందే నిర్ణయించుకుని, “మేము చేయవలసినదంతా చేశాం” అని చూపించుకోవడానికి కోచ్‌ను పిలుస్తారు. మూడు నెలల తర్వాత ఆయన ఇదే కుర్చీలో ఉంటారా అని ముగ్గురి సమావేశంలో సూటిగా అడిగితే, జవాబు కన్నా ముందు వచ్చే మౌనమే విషయం చెబుతుంది. అలాంటి పని ఒప్పుకోకూడదు. లైంగిక వేధింపు ఫిర్యాదు ఉన్న వ్యక్తిని ‘కోచింగ్‌తో సరిచేద్దాం’ అన్నా ఒప్పుకోకూడదు. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని, ఆ ఫిర్యాదును అదే విచారించాలని 2013 నాటి చట్టం చెబుతోంది.

రెండో మెట్టు: ఇది కోచ్ పనా, డాక్టరు పనా

మొదటి భేటీకి గంటన్నర పెట్టుకుని, అందులో మొదటి అరగంట నిద్ర, ఆకలి, మద్యం, ఇంటి పరిస్థితి గురించి సాదాగా అడగాలి. “మనసు ఎలా ఉంది” అని అడిగితే “బాగానే ఉంది సార్” అనే వస్తుంది గనుక, “రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు, మధ్యలో ఎన్నిసార్లు లేస్తున్నారు, లేచినప్పుడు ఏం గుర్తుకొస్తుంది” అని అడగాలి. కుంగుబాటు ఉందేమో చూడటానికి గడచిన రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు అడిగే పీహెచ్‌క్యూ-9 అనే పట్టిక ఈ సందర్భంలో ఉపయోగపడుతుంది. దాని మొత్తం 0 నుంచి 27 దాకా ఉంటుంది, 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే వైద్యుణ్ణి కలవమని చెప్పాలి. తొమ్మిదో ప్రశ్న చనిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. దానికి ‘అసలు లేదు’ తప్ప మరే జవాబు వచ్చినా, మిగతా మొత్తం ఎంత ఉన్నా సరే, లక్ష్యాల సంభాషణ అక్కడితో ఆపి, ఆ ఆలోచన గురించి నేరుగా మాట్లాడి, ఇంట్లో ఒకరికి తెలిసేలా చేసి, వైద్యుడి దగ్గరికి వెళ్లే ఏర్పాటు చేయాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్యులను కలవవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు ఒప్పంద పత్రం మీదే అచ్చు వేయించడం మంచి అలవాటు, అప్పుడు ఎవరికీ ప్రత్యేకంగా ఇచ్చినట్టు ఉండదు.

బర్నౌట్ అన్న మాటను ఇప్పుడు అందరూ వాడుతున్నారు గనుక దాని హద్దు తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో దీనిని వ్యాధిగా చేర్చలేదు, పని స్థలంలో చాలాకాలం అదుపులోకి రాని ఒత్తిడి వల్ల ఏర్పడే స్థితిగా మాత్రమే పేర్కొంది. సత్తువ ఉడిగిపోవడం, పని మీద విరక్తి, చేసేది ఫలించడం లేదన్న భావన అని దానికి మూడు లక్షణాలు చెప్పింది. ఆదివారం ఇంట్లో పిల్లలతో హాయిగా ఉండి, సోమవారం ప్లాంటు గేటు దగ్గర గుండె బరువెక్కే మనిషితో కోచింగ్ కుదురుతుంది. ఆదివారమూ మంచం దిగలేని మనిషికి ముందు వైద్యం కావాలి.

కోచ్ తన అర్హత విషయంలోనూ నిజాయితీగా ఉండాలి. ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అని చెప్పుకోవడానికి 1992 నాటి చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు అవసరం. కోచింగ్‌కు మన దేశంలో అలాంటి లైసెన్సు లేదు గాని, ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే మొదటి గుర్తింపుకు కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. ఏ గుర్తింపూ లేకుండా, ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ నడిపిన అనుభవంతోనే ఈ పనికి వచ్చేవారు ఒక సంగతి మరచిపోకూడదు: ఆ అనుభవం సలహా చెప్పడానికి తొందరపెడుతుంది, కోచింగ్‌లో ఆ తొందరను అణచుకోవడమే కష్టమైన భాగం.

మూడో మెట్టు: ఫిర్యాదును సంఘటనగా మార్చడం

రెండో భేటీ నుంచి అసలు పని మొదలవుతుంది. మేనేజర్లు మనుషుల గురించి తీర్పులతో వస్తారు. “మా వాళ్లకు బాధ్యత లేదు”, “లోకల్ వాళ్లు మాట వినరు”, “పైవాళ్లకు ఏం చెప్పినా అర్థం కాదు”. తీర్పు మీద ఎంతసేపు చర్చించినా అది మరింత గట్టిపడుతుందే తప్ప కరగదు. కోచ్ చేయవలసిందల్లా ఆ తీర్పును తేదీ, స్థలం, మాటలు ఉన్న ఒక సంఘటనగా విప్పించడం. వివరణ కోసం అల్లిన ఈ ఉదాహరణ చూడండి. మందుల కంపెనీలో ఒక ప్రొడక్షన్ మేనేజరు కోచ్‌తో మాట్లాడుతున్నారు. ఇందులో క్యూఏ అంటే మందుల నాణ్యతను చూసే విభాగం.

“షిఫ్టు ఇన్‌ఛార్జులు ఏదీ టైముకు చెప్పరండీ.”

“ఈమధ్య ఎప్పుడు జరిగింది?”

“మొన్న మంగళవారం రాత్రి. రియాక్టర్ టెంపరేచర్ లిమిట్ దాటింది. పొద్దున క్యూఏ వాళ్లు బ్యాచ్ రికార్డు చూసేదాకా నాకు తెలియదు.”

“తెలిసిన వెంటనే ఏం చేశారు?”

“మీటింగులో నిలబెట్టి అడిగాను.”

“ఏ మాటలతో?”

కొంత ఆగి, “నీకు ఉద్యోగం ఎవడిచ్చాడయ్యా అన్నాను.”

“ఆయన తనంతట తానే వచ్చి చెప్పిన రోజు ఏదైనా ఉందా?”

“ఉంది. రెండు నెలలైంది.”

“ఆ రోజు మీరేమన్నారు?”

“ఆ రోజూ అదే అన్నాను.”

ఈ చివరి వాక్యం మేనేజరు నోట వచ్చింది గనుకనే దానికి విలువ. అదే సంగతి కోచ్ చెప్పి ఉంటే వాదన అయ్యేది. ఇక్కడ కోచ్ నవ్వకూడదు, తలాడించకూడదు, “చూశారా” అనకూడదు. ఒక పావు నిమిషం మౌనంగా ఉంటే చాలు.

ఆ తర్వాత కాగితం మీద ఐదు గడులు గీయాలి: ఏం జరిగింది, ఆ క్షణంలో మనసులో మెదిలిన మాట, ఒంట్లో ఏమైంది, ఏం చేశారు, దాని తర్వాత ఏం జరిగింది. 1950లలో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్, ఆ తర్వాతి దశాబ్దంలో మనోవైద్యుడు ఆరన్ బెక్ మొదలుపెట్టిన చికిత్సా పద్ధతుల మూలసూత్రం ఈ గడుల్లో ఉంది: సంఘటనకూ, మన ప్రవర్తనకూ మధ్య ఒక ఆలోచన ఉంటుంది, దాన్ని పట్టుకోగలిగితే ప్రవర్తనను మార్చుకునే వీలుంటుంది. మన మేనేజరు రెండో గడిలో “వీడి తప్పుకు హైదరాబాద్ ఆఫీసులో నా తల తెగుతుంది” అని రాశారనుకుందాం. అంటే కోపం కింద ఉన్నది భయం. ఆ భయం అబద్ధమని కోచ్ చెప్పకూడదు, ఎందుకంటే విదేశీ తనిఖీల మీద ఆధారపడి బతికే పరిశ్రమలో అది చాలావరకు నిజమే. అడగవలసినది వేరే: ఆ తల కాపాడుకోవడానికి, రాత్రి రెండు గంటలకు ఫోను రావడం మేలా, ఉదయం క్యూఏ ద్వారా తెలియడం మేలా?

పరిశోధన కూడా ఇదే చెబుతుంది. పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లను అధ్యయనం చేసినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదైనట్టు కనిపించింది. అక్కడివారు తప్పును దాచకుండా చెప్పగలగడమే అందుకు కారణమని ఆమె తేల్చారు. డీవియేషన్‌ను (నిర్దేశించిన పద్ధతి లేదా పరిమితి తప్పిన సంఘటనను) దాచిన షిఫ్టు ఇన్‌ఛార్జికి బాధ్యత లేకపోవడం కన్నా, చెప్పినందుకు పడిన దెబ్బ గుర్తుండటమే ఎక్కువ సంభవం.

అయితే ఐదు గడులు నింపినకొద్దీ కొన్నిసార్లు వేరే నిజం బయటపడుతుంది. ఆరుగురు చేయవలసిన షిఫ్టును నలుగురితో నడుపుతున్నారు, సెలవు పెట్టినవారి చోట ఎవరినీ ఇవ్వడం లేదు, లక్ష్యం మాత్రం తగ్గలేదు. అప్పుడు మేనేజరుకు శ్వాస మీద ధ్యాస నేర్పడం అన్యాయం. మనుషులు తక్కువైన సమస్యను మనిషి మనసులోని లోపంగా మార్చి అమ్మేవారు ఈ వృత్తిలో ఉన్నారని ఒప్పుకోవాలి. అలాంటి చోట కోచింగ్ లక్ష్యాన్ని మార్చి, ఆ లెక్కను పైవారి ముందు ఎలా పెట్టాలన్న దాని మీద పనిచేయాలి.

నాలుగో మెట్టు: ఒకే ఒక లక్ష్యం, చూడగలిగేది

“కోపం తగ్గించుకోవాలి” అన్నది లక్ష్యం కాదు, ఎందుకంటే తగ్గిందో లేదో చూసి చెప్పగలవారు ఎవరూ లేరు. “ఉదయం మీటింగులో ఎవరైనా పొరపాటు చెబితే, నా మొదటి వాక్యం ప్రశ్నగా ఉండాలి” అన్నది లక్ష్యం. మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనల నుంచి వచ్చిన ‘ఇలా జరిగితే ఇలా చేస్తాను’ అన్న అచ్చులో దాన్ని రాయించాలి: “ఎవరైనా డీవియేషన్ చెబితే, పెన్ను కింద పెట్టి, ‘ముందు ఏం కనబడింది’ అని అడుగుతాను.” పెన్ను కింద పెట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, చేతికి పని ఇస్తే నోరు రెండు క్షణాలు ఆగుతుంది. రెండు లక్ష్యాలు పెట్టుకుంటానని మేనేజరు పట్టుబడితే రెండోది చీటీ మీద రాసి కవరులో పెట్టించండి, నెల తర్వాత చూద్దామనండి.

ఐదో మెట్టు: మాటలను మన తెలుగులో కట్టడం

ఇంగ్లీషు శిక్షణల్లో నేర్పే ‘నాకు ఇలా అనిపిస్తోంది’ తరహా వాక్యాలను తెలుగులోకి దించి వాడితే, ఇక్కడి పరిశ్రమల్లో అవి నాటకం డైలాగుల్లా వినిపిస్తాయి. ఒక బియ్యం మిల్లు మేనేజరును ఊహించుకోండి. యాసంగి వడ్లు వచ్చి పడుతున్నాయి. కస్టమ్ మిల్లింగు (ప్రభుత్వం కొన్న వడ్లను మరాడించి బియ్యం తిరిగి ఇవ్వడం) కింద క్వింటాలు వడ్లకు పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ప్రభుత్వానికి అప్పగించాలి, ఎండాకాలం పంటలో నూక ఎక్కువ పడుతుంది, గడువు మాత్రం తరుముతూనే ఉంటుంది. ఈ ఒత్తిడి మీద మరో ఒత్తిడి ఏమంటే, పెద్దసారు ఒక మాట చెప్పి వెళ్తారు, గంట తర్వాత ఆయన కొడుకు వచ్చి ఇంకో మాట చెబుతారు. మేనేజరు ఇద్దరికీ “అట్లనే సార్” అంటారు, రాత్రికి ఏదో ఒకటి ఆగుతుంది, తిట్లు ఆయనకే మిగులుతాయి.

ఈయనకు ‘కాదు అనడం నేర్చుకోండి’ అని చెప్పడం తేలికే, ఆ కుర్చీలో కూర్చుని కాదనడం ఉద్యోగం పోగొట్టుకోవడమే. ఇద్దరి మాటా నిలబెడుతూ, ఎంపికను వారికే వదిలే వాక్యం కావాలి. భేటీలో కోచ్ పెద్దసారుగా కూర్చుని, మేనేజరు చేత ఆయన సొంత యాసలోనే ఐదారుసార్లు పలికించాలి: “సారూ, పొద్దుగాల మీరు చెప్పిన లోడు, చిన్నసారు చెప్పిన లోడు రెండూ ఇయ్యాల్నే పోవాల్నంటే ఒక లారీ ఆగుతది. ఏది ముందల పంపమంటరు?” ఇందులో తప్పు ఎవరి మీదా లేదు, మర్యాద తగ్గలేదు, నిర్ణయం మాత్రం చేయవలసినవారి దగ్గరికి చేరింది. మొదటిసారి పలికినప్పుడు గొంతు తగ్గుతుంది, చూపు నేలకు దిగుతుంది. నాలుగోసారికి మామూలు మాట అవుతుంది. పుస్తక భాషలో సాధన చేయించిన వాక్యం అసలు సమయానికి నోట రాదని నా నమ్మకం.

పిలుపు విషయం కూడా ఇక్కడే చర్చించాలి. ఇతర ప్రాంతాల నుంచి వచ్చిన అధికారులు కొందరు పాలమూరు, నల్లగొండ మాటతీరులోని ‘నువ్వు’ను అమర్యాదగా భావించి నొచ్చుకుంటారు. “అన్నా, నువ్వు జెర చూడు” అన్న ఆపరేటరు నిజానికి ఆయన్ను తనవాడిగా కలుపుకుంటున్నాడు. అదే అధికారి వయసులో పెద్దయిన ఫోర్‌మన్‌ను అందరి ముందు ‘ఏమయ్యా’ అన్నప్పుడు, ఆ ఒక్క పిలుపు షిఫ్టంతటినీ ఎదురు తిప్పుతుంది. ఎవరిని ఎలా పిలుస్తున్నారో ఒక వారం పాటు రాసుకు రమ్మంటే, చాలామంది మూడో రోజుకే తమ పద్ధతి మార్చుకుని వస్తారు.

ఆరో మెట్టు: రోడ్డు, నిద్ర

హైదరాబాద్‌లో కాపురం ఉండి రోజూ చౌటుప్పల్‌కో, జడ్చర్లకో వచ్చిపోయే మేనేజర్లు చాలామంది. ప్రయాణమంతా ఫోనులోనే గడిపి, ఇంటికి చేరేసరికి మాట్లాడే ఓపిక లేకుండా పోతారు. ఇంటికి వెళ్లే దారిలో ఏదో ఒక గుర్తు, ఉదాహరణకు బెంగళూరు హైవే మీద రాయికల్ టోల్‌గేటు, దాటాక అత్యవసరమైతే తప్ప ప్లాంటు ఫోను ఎత్తకూడదన్న నియమం పెట్టుకోవచ్చు. గడియారం చూసి పెట్టుకున్న హద్దు కన్నా, కంటికి కనిపించే హద్దు ఎక్కువ రోజులు నిలుస్తుంది. రాత్రి ఎవరికి ఏది అత్యవసరమో ఒక చిన్న జాబితా షిఫ్టు ఇన్‌ఛార్జుల దగ్గర ఉంచితే ఆ నియమం వల్ల నష్టం జరగదు.

ఏడో మెట్టు: ఫలితం చూడటం, పని ముగించడం

మొదటి నెలలోనూ, చివరి నెలలోనూ మేనేజరు స్వయంగా ఎంచుకున్న ముగ్గురిని, అంటే కింద పనిచేసే ఇద్దరినీ సమానస్థాయిలో ఒకరినీ, రెండుసార్లూ ఒకే మూడు ప్రశ్నలు అడగాలి. “చెడ్డ వార్త ఈయనకు చెప్పాలంటే ఎంతసేపు ఆలోచిస్తారు” అన్నది వాటిలో ఒకటిగా ఉంటే మంచిది. జవాబులను పేర్లు లేకుండా కలిపి మేనేజరుకు మాత్రమే చెప్పాలి. మన ఉదాహరణలోని మందుల కంపెనీలో నమోదయ్యే డీవియేషన్ల సంఖ్య మొదటి రెండు నెలల్లో పెరిగే అవకాశం ఉంది. దాగినవి బయటికి వస్తున్నాయన్నమాట. ఈ సంగతి ముగ్గురి సమావేశంలో ముందే చెప్పి పెట్టకపోతే, కోచింగ్ వల్ల ప్లాంటు చెడిపోయిందని పైవారు అనుకునే ప్రమాదం ఉంది.

చివరి భేటీలో కొత్త విషయం ఎత్తకూడదు. ఐదు గడుల కాగితాలన్నీ బల్ల మీద పరచి, మొదటిదాన్నీ చివరిదాన్నీ మేనేజరు చేతనే చదివించాలి, కవరులో దాచిన రెండో లక్ష్యం తీయించి అది ఇంకా కావాలో లేదో అడగాలి. ఆ కాగితాలు ఆయనవే గనుక ఆయనకే ఇచ్చేయాలి, ఫొటోలు తీసుకోకూడదు. మూడు నెలల తర్వాత ఒక ఫోను చేస్తానని తేదీతో సహా చెప్పి, ఆ రోజు తప్పకుండా చేయాలి, అదీ షిఫ్టు మారే సమయంలో కాకుండా.